గడప దాటే క్వెరీ

ఎస్‌క్యూఎల్‌లో మనం ఏం కావాలో చెబుతాం, దాన్ని ఎలా తేవాలో డేటాబేస్ చూసుకుంటుంది. సమాచారం పట్టికల్లో ఉన్నంతవరకు ఈ ఒప్పందానికి లోటు లేదు. కానీ సర్వర్ డిస్కులో ఎంత ఖాళీ ఉందో 'డీఎఫ్' అనే చిన్న ప్రోగ్రామ్‌కు తెలుసు, పట్టికలకు తెలియదు. ఇలాంటి అవసరాలకే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు 2013లో విడుదలైన 9.3 వెర్షన్‌లో 'కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్' అనే వెసులుబాటు కల్పించారు. అందులో ఒక ఆదేశం రాసిస్తే సర్వర్ దాన్ని షెల్‌కు అప్పగిస్తుంది. మామూలుగా తెరమీద కనిపించాల్సిన ఫలితం పైపు గుండా వచ్చి పట్టికలో వరుసలుగా చేరుతుంది. 2017 నాటి పదో వెర్షన్ నుంచి ప్రోగ్రామ్‌నే ఒక పట్టికలా చూపించవచ్చు కూడా; సెలెక్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ నడుస్తుంది.

ఇది దొంగలకు తలుపు తీయడమేనని చాలామంది అభ్యంతరం. 2019లో దీన్ని ఏకంగా భద్రతా లోపాల జాబితాలో నమోదు చేశారు. సూపర్‌యూజర్‌కో, ప్రత్యేకంగా అనుమతి పొందినవారికో తప్ప ఇది అందుబాటులో ఉండదనీ, కనుక లోపం కాదనీ పోస్ట్‌గ్రెస్ బృందం బదులిచ్చింది. ఆ మాట నిజమే. సూపర్‌యూజర్ హోదాతో డేటాబేస్‌లోకి వెళ్లే వెబ్ అప్లికేషన్ ఉంటే, తప్పు ముందు దానిది. అలాగని నిషేధమూ పెద్దగా కాపాడదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే పని చేసే 'ఎక్స్‌పీ కమాండ్‌షెల్'ను 2005 వెర్షన్ నుంచి ముందే ఆపి ఉంచుతున్నారు. కానీ నిర్వాహకుడి హక్కులు చిక్కినవాడు ఒకటి రెండు ఆదేశాలతో దాన్ని తిరిగి తెరవగలడు. తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించినట్టు! నా ఉద్దేశంలో చిక్కు ప్రోగ్రామ్‌ను నడపడంలో లేదు. షెల్‌కు వెళ్లే ఆదేశాన్ని ఎవరు కూర్చారు, తిరిగొచ్చిన అక్షరాలను ఏమని నమ్మాం అన్నదాంట్లో ఉంది.

మొదటి ప్రశ్న గురించి అందరూ మాట్లాడతారు, రెండోదాన్ని పట్టించుకునేవారు తక్కువ. డీఎఫ్ ఫలితం మనిషి కంటికోసం తీర్చినది: నిలువు వరుసల మధ్య ఎన్ని ఖాళీలైనా ఉండొచ్చు. కాపీకి మాత్రం విభజన గుర్తు ఒకే ఒక్క అక్షరం కావాలి. పోనీ పంక్తినంతా ఒకే గడిలో వేసుకుని తర్వాత ముక్కలు చేద్దామంటే, పేరులో ఖాళీ ఉన్న ఒక్క ఫోల్డర్ లెక్కంతా తారుమారు చేస్తుంది. వైఫల్యాన్ని పసిగట్టడం ఇంకా కష్టం. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు సున్నా కాని సంఖ్య ఇస్తే పోస్ట్‌గ్రెస్ దాన్ని వైఫల్యంగా పరిగణించి కాపీని ఆపేస్తుంది. అయితే ఆదేశంలో రెండు ప్రోగ్రామ్‌లను పైపుతో కలిపితే, షెల్ మామూలుగా చివరిదాని సంఖ్యనే చెబుతుంది. లేని ఫైల్‌ను చదివి 'సార్ట్'కు పంపమంటే మొదటిది విఫలమవుతుంది. సార్ట్ మాత్రం ఏమీ రాకపోయినా సంతోషంగా సున్నా ఇస్తుంది. డేటాబేస్ 'సున్నా వరుసలు చేరాయి' అని విజయం ప్రకటిస్తుంది. ఇక లావాదేవీని రద్దు చేస్తే వరుసలు పోతాయి గానీ, ఆ ప్రోగ్రామ్ ఈలోగా పంపిన ఈమెయిల్ వెనక్కి రాదు.

అలాంటప్పుడు ఈ పనంతా డేటాబేస్ బయటే చేసుకోవచ్చు కదా అనవచ్చు. చాలా సందర్భాల్లో అదే మేలు. పోస్ట్‌గ్రెస్ క్లయింట్‌లోని 'కాపీ' ఆదేశం ప్రోగ్రామ్‌ను మన కంప్యూటర్‌లో, మన హక్కులతోనే నడుపుతుంది. కాకపోతే సర్వర్ డిస్కు సంగతి అది చెప్పలేదు. అక్కడ క్లిక్‌హౌస్ అనే మరో డేటాబేస్ పద్ధతి నాకు నచ్చుతుంది. స్క్రిప్టు నిర్వాహకుడు కేటాయించిన ఫోల్డర్‌లో ఉండాలి. ఫలితం ఏ ఫార్మాట్‌లో వస్తుందో, ఏ గడిలో ఏ రకం విలువ ఉంటుందో క్వెరీలోనే ప్రకటించాలి. ప్రతి చిన్న అవసరానికీ నిర్వాహకుణ్ణి బతిమాలాలా అని విసుక్కునేవారికి ఒక్కటే జవాబు: ఆ స్క్రిప్టును నడిచేముందు ఇంకో మనిషి చదివేది అప్పుడే. సార్ట్‌కు ముందున్న ప్రోగ్రామ్ విఫలమైతే ఏం చేయాలో అడగాల్సిందీ అప్పుడే.