అమ్మాయి ఆఫీసులో కొత్త చదువు

మొన్న ఆదివారం చింతచిగురు రొయ్యలు పొయ్యి మీద ఉండగా హైదరాబాదు నుంచి మా పెద్దమ్మాయి ఫోను. "అమ్మా, నెలాఖరులోగా ఏఐ కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ చూపించాలట. హెచ్.ఆర్. వాళ్ళు మెయిల్ పెట్టారు" అంది. "మంచిదేగా, చదువుకోవే" అన్నాను. "ఎప్పుడు చదవను? రూముకొచ్చేసరికే రాత్రి తొమ్మిదవుతోంది" అని ఏడుపు గొంతుతో అంది. ఈలోగా కూర అడుగంటింది, అది వేరే సంగతి.

ఇంజనీరింగ్ చదివిన పిల్ల లేని వీధి మన భీమవరంలో వెతికినా దొరకదు కదండీ. అందుకే మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

హెచ్.ఆర్. అంటే మానవ వనరుల విభాగం. ఉద్యోగంలోకి తీసుకోవడం, జీతాలు, సెలవులు చూడడమే వాళ్ళ పని అనుకునేదాన్ని. ఏఐ, అదే కృత్రిమ మేధ, వచ్చాక వాళ్ళ మీద ఇంకో బాధ్యత పడింది. ఎవరి పనిలో ఎంత భాగం యంత్రం చేసేస్తుంది, ఆ మనిషికి బదులుగా ఏం నేర్పాలి, ఏ పనిలోకి మార్చాలి అన్నది ముందే చూసుకోవాలి.

చిత్రమేమిటంటే ఆ యంత్రం వాళ్ళ గదిలోకీ వచ్చేసింది. ఐబిఎం అధిపతి అరవింద్ కృష్ణ మన పశ్చిమ గోదావరికి చెందిన కుటుంబం వారే. హెచ్.ఆర్. లాంటి విభాగాల్లో ఏఐ చేయగల ఉద్యోగాలకు కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపుతామని 2023లో ఆయన చెప్పారు. 2025కి రెండు వందల మంది దాకా హెచ్.ఆర్. సిబ్బంది చేసే పని ఏఐ చేసేస్తోందన్నారు. ప్రోగ్రామర్లని, అమ్మకాల వాళ్ళని మాత్రం ఎక్కువ తీసుకున్నారట. అదే 2025 జూలైలో టిసిఎస్ 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు సరిపడకపోవడమని చెప్పింది. మరి సరిపడేలా ముందుగా నేర్పాల్సింది ఎవరండీ?

మా నాన్నగారు బ్యాంకులో క్లర్కు. నా చిన్నప్పుడు కంప్యూటర్లు వస్తున్నాయంటే ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అప్పట్లో బ్యాంకుల యాజమాన్యాలు, ఉద్యోగ సంఘాలు కూర్చుని 1983లోను, మళ్ళీ 1993లోను కంప్యూటర్ల మీద ఒప్పందాలు చేసుకున్నాయి. నాన్నగారిని ట్రైనింగుకి పంపారు. ఆ రోజులన్నీ డ్యూటీ కిందే లెక్క. లెడ్జర్లు రాసిన చెయ్యి కీబోర్డు మీద వణికిందని చెప్పి నవ్వేవారు. వారం తిరిగేసరికి తన కౌంటరు పని తానే కంప్యూటరులో చేశారు. రిటైరయ్యేదాకా అదే కౌంటరు.

మా అమ్మాయిది టెస్టింగ్ పని. అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. దాంట్లో ఏఐని ఎలా వాడాలో ఈ కోర్సులో ఒక్క పాఠమూ లేదట! అందరికీ అవే వీడియోలు. సర్టిఫికెట్ అయితే వస్తుంది, పని వస్తుందా అని నా అనుమానం.

మా రెండోది ఈ ఏడు క్యాంపస్ ఇంటర్వ్యూలకి కూర్చుంటోంది. జీతమెంత అని అందరూ అడుగుతారు, చేరాక ఏం నేర్పుతారు, ఆఫీసు టైములో నేర్పుతారా అని కూడా అడగవే అన్నాను. "అలా అడిగితే ఏమనుకుంటారో" అని దాని భయం.

పెద్దది మాత్రం తోటి పిల్లలు నలుగురితో కలిసి హెచ్.ఆర్.కి మెయిల్ రాసింది. బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండేసి గంటలు చదువుకోవడానికి ఇచ్చారట. గడువు మాత్రం నెలాఖరే.