పరాయి రాయి.. ఊరి గొడ్డలి
నల్లమలలో రాతి పనిముట్లు చెప్పే సంబంధాల కథ

అమ్రాబాద్: పొలం దున్నుతుండగానో, వాగు ఒడ్డునో నున్నగా నూరిన నల్లని రాయి ఒకటి దొరుకుతుంది. ఒక అంచు పదునుగా, మరో కొన మొద్దుగా ఉంటుంది. చూసినవారు కొందరు దేవుడి రాయిగా భావించి చెట్టు కింద పెడతారు. మరికొందరు గట్టు మీదికి విసిరేస్తారు. పురావస్తు పరిశోధకుని దృష్టిలో మాత్రం అది సుమారు మూడున్నర వేల ఏళ్ల కిందటి గొడ్డలి కావచ్చు. ఆ పరిశోధకుడు వెంటనే వేసే ప్రశ్న వయసు గురించి కాదు. ఈ రాయి ఈ నేలదేనా, కాదా అన్నదే ఆయనకు ముఖ్యం. కాదని తేలితే అది ఎవరి చేతుల మీదుగా వచ్చింది? దాన్ని వాడినవారు ఎవరు? రాతి పనిముట్టు నుంచి మనుషుల గుర్తింపును చదివే ప్రయత్నం ఇక్కడే మొదలవుతుంది. పొరపాట్లకు ఎక్కువగా తావిచ్చేది కూడా ఈ ప్రయత్నమే.

రాయికీ ఒక చిరునామా

నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి 2016 వరకు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. పీఠభూమి పైభాగంలో ఎక్కువగా కనిపించేది క్వార్ట్‌జైట్. ఇది కోట్ల సంవత్సరాల కిందట ఇసుక పొరలు గట్టిపడి ఏర్పడిన రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీనిని శ్రీశైలం క్వార్ట్‌జైట్‌గా వ్యవహరిస్తారు. దీని అడుగున అంతకంటే పాతదైన గ్రానైటు ఉంది. పీఠభూమి దిగి మహబూబ్‌నగర్, నల్లగొండ మైదానాల్లోకి వస్తే ఆ గ్రానైటే బండలుగా, గుట్టలుగా బయటపడుతుంది. దానిని చీల్చుకుని వచ్చిన నల్లరాతి గట్లు మైళ్ల పొడవున సాగుతాయి. ఆ నల్లరాయి పేరు డోలరైట్. దక్షిణ భారతదేశంలో నవీన శిలాయుగపు నూరిన గొడ్డళ్లలో అధిక భాగం ఈ జాతి రాళ్లతో చేసినవే.

పాత శిలాయుగపు మనుషులకు క్వార్ట్‌జైట్ చాలినంతగా ఉపయోగపడింది. నల్లమలకు దక్షిణాన కర్నూలు ప్రాంతంలో దొరికిన చేతి గొడ్డళ్లపై కామియాడ్, బర్కిట్ 1930లో ప్రకటించిన పరిశోధన, గిద్దలూరు పరిసరాలపై కె.వి.సౌందరరాజన్ 1952లో వెలువరించిన అధ్యయనం ఈ విషయాన్ని తెలియజేస్తాయి. అయితే క్వార్ట్‌జైట్ పెచ్చులుగా చక్కగా ఊడివస్తుంది కానీ నూరడానికి అంత తేలికగా లొంగదు. చెట్టు కొట్టే గొడ్డలికి దెబ్బ తగిలినా పగలని, నూరితే నునుపు తేలే రాయి కావాలి. డోలరైట్‌కు ఆ రెండు గుణాలూ ఉన్నాయి. అందువల్ల క్వార్ట్‌జైట్ పరచుకున్న చోట డోలరైట్ గొడ్డలి కనిపిస్తే అది ఎక్కడి నుంచో వచ్చినదనే అనుమానం సహజంగానే కలుగుతుంది.

బళ్లారి గుట్టల మీద గొడ్డళ్ల కార్ఖానా

రాతి గొడ్డళ్లు ఎంత భారీగా తయారయ్యేవో తెలిపే ఆధారాలు అమ్రాబాద్‌కు నైరుతి దిశలో, గీత గీసినట్టు కొలిస్తే సుమారు 250 కి.మీ. దూరాన, బళ్లారి సమీపంలోని సంగనకల్లు, కప్పగల్లు గుట్టలపై ఉన్నాయి. విలియం ఫ్రేజర్ అనే ఇంజినీరు 1872లో కప్పగల్లు వద్ద గొడ్డళ్ల తయారీ స్థలాన్ని గుర్తించారు. భారత ప్రాక్చరిత్ర పరిశోధనకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ తర్వాత దానిని పరిశీలించి ప్రపంచానికి తెలిపారు. తెలుగువాడైన పురావస్తు శాస్త్రవేత్త బెండపూడి సుబ్బారావు సంగనకల్లులో తవ్వకాలు జరిపి, 1948లో బళ్లారి శిలాయుగ సంస్కృతులపై గ్రంథం ప్రకటించారు. 2000 దశకంలో రవి కోరిశెట్టర్, నికోల్ బోయ్‌విన్ తదితరుల బృందం మళ్లీ అక్కడ విస్తృతంగా పరిశోధించింది.

హిరేగుడ్డ అనే గుట్టపై డోలరైట్ గట్టు ఉంది. దాని నుంచి దిమ్మలు ఊడదీసేవారు. సమ్మెట రాయితో పెచ్చులు లేపి గొడ్డలి రూపు తెచ్చేవారు. గరుకుగా ఉన్న చోట్ల రాతితో చిన్నచిన్నగా పొడిచి చదును చేసేవారు. చివరగా బండలపై నూరేవారు. నూరడం వల్ల ఏర్పడిన గాళ్లు ఆ బండలపై ఇప్పటికీ కనిపిస్తాయి. క్రీ.పూ. 1400-1200 మధ్య ఈ తయారీ ఉధృతమైందని, ఆ ఊళ్ల అవసరాలకు మించిన స్థాయికి చేరిందని పరిశోధకులు భావిస్తున్నారు. తమ అవసరానికి మించి చేశారంటే మిగిలినవి ఇతరుల చేతికి వెళ్లి ఉండాలి.

అలాగని నల్లమల ప్రాంతంలో దొరికే ప్రతి నల్ల గొడ్డలీ బళ్లారిదేనని చెప్పడానికి వీల్లేదు. పాలమూరు, నల్లగొండ మైదానాల్లోనూ డోలరైట్ గట్లకు కొదవ లేదు. ‘పరాయి రాయి’ అంటే 250 కి.మీ. దూరానిదే కానవసరం లేదు. ఘాటు దిగిన తర్వాత రెండో ఊరిదైనా కావచ్చు.

ప్రయాణానికి మూడు దారులు

రాయి ఒక చోటి నుంచి మరో చోటికి చేరడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది నది. కృష్ణ ఎగువన దక్కను నల్లరేగడి ప్రాంతాల నుంచి చెకుముకి జాతి రాళ్లను, అకీకులను గులకలుగా మోసుకొస్తుంది. పీఠభూమి దక్షిణపు అంచున లోయలో పారే నది ఒడ్డున అలాంటి రాతితో చేసిన చిన్న పెచ్చు దొరికితే, ఆ రాయిని మనిషే దూరం నుంచి తెచ్చాడనలేం. గులక పైపొర నదిలో దొర్లి అరిగినదా, లేక గని నుంచి నేరుగా తీసినదా అన్నది చూడాలి.

రెండో దారి మనుషుల రాకపోకలు. నవీన శిలాయుగంలో పశుపోషణే జీవనాధారంగా మందలతో తిరిగిన సమూహాలు ఈ ప్రాంతంలో ఉండేవి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఎఫ్.ఆర్.ఆల్చిన్ 1957లో తవ్వకాలు జరిపి, అక్కడి బూడిద దిబ్బ పశువుల దొడ్లలో పేరుకున్న పేడ మళ్లీమళ్లీ తగలబడటం వల్ల ఏర్పడిందని నిరూపించారు. పశువుల గిట్టల ముద్రలు సైతం ఆ పొరల్లో బయటపడ్డాయి. మేతకోసం కదిలే మంద వెంట గొడ్డలీ కదులుతుంది.

మూడో దారి మార్పిడి. ఒక ఊరివారు పొరుగూరికి, వారు ఆ పై ఊరికి ఇస్తూ పోతే, చేసినవాడు చివరికి వాడినవాడిని ఎన్నడూ చూడకపోయినా గొడ్డలి వందల మైళ్లు వెళ్తుంది.

ఈ మూడింటినీ వేరు చేయడానికి గొడ్డలి ఒక్కటే చాలదు. చుట్టూ పడిన పెచ్చులు కావాలి. తయారీ పెచ్చులు కుప్పలుగా ఉంటే రాయి ముడిరూపంలో వచ్చి అక్కడే గొడ్డలిగా మారింది. పెచ్చులు లేకుండా పూర్తయిన గొడ్డళ్లు మాత్రమే ఉంటే అవి తయారై వచ్చాయి. నునుపు తేలిన ముఖం ఉన్న చిన్న పెచ్చులు దొరికితే, మొద్దుబారిన గొడ్డలిని మళ్లీ పదును పెట్టుకున్నారని అర్థం. అరిగి అరిగి కురచైన గొడ్డలి, దానికి బదులు మరొకటి సంపాదించడం వారికి కష్టమయ్యేదని సూచిస్తుంది. రాతి జన్మస్థలం తెలియాలంటే పలుచని ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూడటం, రసాయన విశ్లేషణ చేయడం తప్పనిసరి. కంటికి ఒకేలా కనిపించే రెండు నల్లరాళ్లు వేర్వేరు గట్లవి కావచ్చు.

గొడ్డలి ఎవరిది?

రాయి వచ్చిన దారి తెలిసినా అది వాడినవారి సమాజంలో ఏ స్థానం పొందిందో రాయి తనంతట తాను చెప్పదు. దీనికి తరచూ ఉదహరించేది ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ ద్వీపకల్పానికి చెందిన యిర్ యోరొంట్ జాతి. 1930 దశకంలో వారి మధ్య నివసించిన మానవ శాస్త్రవేత్త లారిస్టన్ షార్ప్ 1952లో ఆ వివరాలు ప్రకటించారు. వారి నేలలో గొడ్డలికి పనికివచ్చే రాయి లేదు. సుమారు 400 మైళ్ల దక్షిణాన ఉన్న గనుల నుంచి రాతి గొడ్డలి తలలు చేతులు మారుతూ వచ్చేవి. బదులుగా టేకు చేప ముల్లు బిగించిన ఈటెలు దక్షిణానికి వెళ్లేవి. తల పరాయిదే అయినా, పిడి కొయ్య, బిగించే జిగురు, కట్టే నార మాత్రం స్థానికమే.

కట్టెలు కొట్టడానికి గొడ్డలిని ఎక్కువగా వాడేది స్త్రీలు. కానీ దాని యజమాని ఎదిగిన పురుషుడే. స్త్రీలు, పిల్లలు అడిగి తెచ్చుకుని తిరిగి ఇవ్వాలి. ఎవరు ఎవరిని అడగాలన్న దానిలోనే వావివరుసలు, పెద్దరికం ఇమిడి ఉండేవి. మిషనరీలు ఉక్కు గొడ్డళ్లను స్త్రీలకు, యువకులకు సైతం నేరుగా పంచడంతో ఆ కట్టుబాటు సడలింది. గొడ్డలి కోసం దక్షిణాది భాగస్వాములతో నెరపిన సంబంధాలూ పలుచబడ్డాయి. దూరం నుంచి రావడం వల్ల కాదు, ఎవరి ద్వారా వచ్చి ఎవరి అధీనంలో ఉందన్న దానివల్లే ఆ రాయికి సామాజిక విలువ ఏర్పడింది.

చెంచుల చేతిలో ఇనుము

ఇందుకు దగ్గరి ఉదాహరణ అమ్రాబాద్‌లోనే ఉంది. 1940లో ఈ పీఠభూమిపై చెంచుల పెంటల్లో గడిపిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో వారిపై గ్రంథం ప్రచురించారు. అప్పట్లో చెంచులు గడ్డలు, దుంపలు తవ్వుకునే కర్రకు ఇనుప మొన ఉండేది. బాణపు ములుకు, కత్తి, గొడ్డలి కూడా ఇనుమువే. చెంచులు కొలిమి పెట్టేవారు కారు. ఇనుప సామగ్రి మైదానాల నుంచి వచ్చేది. తేనె వంటి అడవి సరుకు మైదానానికి వెళ్లేది. వెదురు బాణపు కాడను మాత్రం తామే చేసుకునేవారు.

మరి ఆ ఇనుప మొన వల్ల చెంచులు మైదానవాసులయ్యారా? కాలేదు. అడవిపై ఎవరి హక్కు ఎంతవరకో, ఏ వంశం వారు ఏ వంశంతో వియ్యమందాలో నిర్ణయించిన కట్టుబాట్లు వారివే. వెయ్యేళ్ల తర్వాత ఒక పరిశోధకుడు పెంట తవ్వి, ఇనుప మొన ఒక్కదాన్నే చూసి ‘ఇక్కడ మైదానపు కమ్మరులు నివసించారు’ అని రాస్తే ఎంత తప్పో, డోలరైట్ గొడ్డలిని చూసి ‘బళ్లారి ప్రజలు వలస వచ్చారు’ అనడమూ అంతే తప్పు. కర్ర, వెదురు, నార మట్టిలో కలిసిపోతాయి. పరాయి నుంచి వచ్చిన భాగమే మిగులుతుంది. తమదైన భాగం కనిపించకుండా పోతుంది. పురాతన సమూహాల గుర్తింపు గురించి తీర్పు చెప్పేముందు ఈ లెక్క మరవరాదు.

ఈ జాగ్రత్త గతానికే పరిమితం కాదు. చెంచులను ‘రాతియుగపు అవశేషం’గా వర్ణించే అలవాటు నేటికీ పూర్తిగా పోలేదు. వారి చేతిలో ఇనుముందనీ, దాని వెనుక మైదానంతో తరాల ఇచ్చిపుచ్చుకోవడం ఉందనీ గుర్తిస్తే ఆ వర్ణన నిలవదు. కేంద్ర ప్రభుత్వం సైతం 2006లో ‘ఆదిమ గిరిజన సమూహాలు’ అనే పేరును పక్కనపెట్టి, ‘ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాలు’గా వ్యవహరించడం మొదలుపెట్టింది. నల్లమలలో దొరికే రాతి గొడ్డలి వాడినవారు నేటి చెంచుల పూర్వీకులేనని గానీ, కాదని గానీ గొడ్డలి ఆధారంగా తేల్చలేం. పనిముట్టు సంబంధాన్ని చెబుతుంది, వంశాన్ని చెప్పదు.

కదిపితే పోయేది కథే

దక్షిణ భారతంలో గ్రామదేవతల గద్దెల వద్ద, చెట్ల కింద రాతి గొడ్డళ్లను పెట్టి పూజించడాన్ని పరిశోధకులు ఎప్పటినుంచో గమనించారు. ఆ భక్తి వల్లే అనేక గొడ్డళ్లు ఇంకా మిగిలాయి. అయితే దొరికిన చోటు నుంచి కదిలిన గొడ్డలి తన సాక్ష్యంలో సగం కోల్పోతుంది. పక్కన పడిన పెచ్చులు, మట్టి పొర, కుండ పెంకులు, బూడిద ఉంటేనే అది తయారై వచ్చిందా, ఇక్కడే చేశారా అన్నది తెలుస్తుంది. సంగనకల్లు, కప్పగల్లు గుట్టలకు రాతి క్వారీల వల్లే పెద్ద ముప్పు వాటిల్లింది.

పొలంలోగానీ వాగులోగానీ ఇటువంటి రాయి కనిపిస్తే కడగకుండా, నూరకుండా, ఉన్నచోటే ఉంచి ఫొటో తీయాలి. పక్కన కొలత కోసం స్కేలో, అగ్గిపెట్టో పెట్టడం మేలు. స్థలం, సర్వే నంబరు, లోతు రాసుకుని తహసీల్దారుకు గానీ రాష్ట్ర వారసత్వ శాఖకు గానీ తెలియజేయాలి. చుట్టుపక్కల చిన్న పెచ్చులు ఉన్నాయేమో గమనించి ఆ సంగతీ చెప్పాలి. నూరిన గొడ్డళ్లు ఎలా ఉంటాయో చూడదలచినవారు నాగార్జునకొండ మ్యూజియంలో చూడవచ్చు. సాగర్ జలాశయంలో లోయ మునగకముందు 1954-60 మధ్య ఆర్.సుబ్రహ్మణ్యం నేతృత్వంలో జరిగిన తవ్వకాల్లో శిలాయుగాల నాటి పనిముట్లు కూడా వెలుగుచూశాయి. ఏ రాయి ఏ పొరలో ఉందో రాసి పెట్టినందువల్లే, లోయ నీట మునిగినా దాని చరిత్ర మునగలేదు.