భూకంపానికి కొలబద్ద

పిల్లలూ! శివరాత్రి తిరునాళ్ళకు పట్టిసీమ వెళ్ళారా? గుడిదగ్గర డోలు మోగుతుంటే పక్కన నిలబడ్డవాడు చెవులు మూసుకుంటాడు. పడవెక్కి గట్టుకు చేరినవాడికి అదే డోలు హాయిగా వినిపిస్తుంది. మన పోలవరంలో ఉన్నవాడికి వినిపిస్తే వినిపిస్తుంది, లేకపోతే లేదు. డోలు ఒక్కటే, దెబ్బ ఒక్కటే. దూరాన్నిబట్టి చప్పుడు మారింది.

భూకంపమూ ఇంతే. 1969 ఏప్రిల్ 13వ తేదీ రాత్రి భద్రాచలం ప్రాంతంలో భూమి కంపించింది. అప్పుడు నేను మీ అంతవాణ్ణి. మా వంటింట్లో అటకమీది గిన్నెలు గలగలమన్నవి. మా అమ్మ పిల్లి అనుకుని కసిరింది. మర్నాడు బళ్ళో ఒకడు, "ఎంత పెద్ద భూకంపమో!" అన్నాడు. ఆరుబయట మంచంమీద నిద్రపోయినవాడు, "అసలు భూకంపమే రాలే"దన్నాడు. ఎవరి మాట నిజం?

ఈ తగవు తీర్చే కొలతను 1935లోనే చార్లెస్ రిక్టర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఏర్పరిచాడు. భూమి కదలికను రెండువేల రెట్లకు పైగా పెద్దదిచేసి గీసే యంత్రం 100 కిలోమీటర్ల దూరాన 1 మిల్లీమీటరు ఊగితే ఆ భూకంపం తీవ్రత 3 అన్నాడు. 10 మిల్లీమీటర్లయితే 4, 100 అయితే 5. అంకె ఒకటి పెరిగితే ఊపు 10 రెట్లూ, శక్తి సుమారు 32 రెట్లూ పెరుగుతుందన్నమాట. భద్రాచలం భూకంపం సుమారు 5.7.

యంత్రం సరిగ్గా 100 కిలోమీటర్ల దూరానే ఉండాలా? అక్కర్లేదు. దూరం తెలిస్తే లెక్క సరిచేసుకోవచ్చు. భూకంపం నుంచి రెండు రకాల అలలు బయలుదేరుతవి. మొదటిది సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, రెండోది మూడున్నర. రెంటి రాకకూ మధ్య ఎన్ని సెకన్లో చూసి 8 పెట్టి గుణించండి. 10 సెకన్లయితే సుమారు 80 కిలోమీటర్లు. ఎనిమిదో ఎక్కం వస్తే చాలు!

చిక్కల్లా దగ్గరి యంత్రాలతోనే. డోలు పక్కవాడికి చెవులు గింగురుమన్నట్టు, సున్నితమైన యంత్రం పెద్ద ఊపుకు తట్టుకోలేదు. గీత కాగితం దాటిపోతుంది. మరొకటి, లోతు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం 40 కిలోమీటర్ల లోతున పుట్టిందని జాతీయ భూకంప కేంద్రం తెలిపింది. అంటే, దానికి నిట్టనిలువుగా పైనున్న యంత్రం కూడా 40 కిలోమీటర్ల దూరాన ఉన్నట్టే! పైగా మెత్తని ఒండ్రునేల రాతినేలకన్న ఎక్కువ ఊగుతుంది. అందుకే ఒక్క యంత్రాన్ని నమ్మక, అనేక కేంద్రాల లెక్కల సగటు తీసుకుంటారు.

అయితే దగ్గరి యంత్రం దండగా? కానేకాదు. పెద్ద ఊపును తట్టుకునే మోటు యంత్రాలు వేరే ఉన్నవి. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలో కోయనా ఆనకట్ట దగ్గర భూకంపం వచ్చి సుమారు 180 మంది మరణించారు. ఆనకట్ట బీటలు వారింది కాని నిలిచింది. ఆ ఊపును ఆనకట్టలోనే అమర్చిన యంత్రం నమోదు చేసింది. ఆ గీతలను దేశదేశాల ఇంజనీర్లు చదివి, ఆనకట్టలు ఎంత గట్టిగా కట్టాలో నేర్చుకున్నారు. గోదావరికి అడ్డంగా ఆనకట్ట లేస్తున్న మన ఊరికి ఇంతకన్న ముఖ్యమైన పాఠం ఏముంటుంది?

ఈసారి అటకమీద గిన్నెలు గలగలమంటే పిల్లిని కసరకండి. ముందు గట్టి బల్లకిందికి దూరండి. ఊపు ఆగాక, "ఎంత పెద్దది?" అని అడిగేముందు, "ఎంత దూరాన? ఎంత లోతున?" అని అడగండి.