గంటం గీత, సీసపు అక్షరం

విలియం కాక్స్టన్ 1476లో లండన్ పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండుకు మొదటి ముద్రణాలయం నెలకొల్పినప్పుడు, లేఖకులు వెడల్పు మొన కలంతో రాసే చేతిరాతనే సీసంలోకి దించినందువల్ల అతని పుస్తకాల్లోని అక్షరాలు దట్టంగా, కోణాలు తేలి కనిపించేవి. నల్ల అక్షరాలుగా పేరుపడిన ఈ బాణీ ఎంత గట్టిగా వేళ్ళూనిందంటే, 1509లోనే ముద్రాపకుడు రిచర్డ్ పిన్సన్ సన్నని రోమన్ అక్షరాలను ప్రవేశపెట్టినా, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు నల్ల అక్షరాల్లోనే వెలువడింది.

తెలుగు అచ్చు కూడా చేతిరాతనే అనుసరించింది, కాని ఆ చేతిరాత వేరు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాలను కలుపుకొని ఉండిన రేనాటిలో, కడప జిల్లా యర్రగుంట్ల మండలం కలమళ్ళలో దొరికిన క్రీ.శ. 575 ప్రాంతపు శాసనం తెలుగు శాసనాల్లో అతి ప్రాచీనమైనదిగా పేరుపొందింది. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలపు ఆ రాతి అక్షరాలను నేటి పాఠకుడు పోల్చుకోవడం కష్టం. గంటం, అంటే ఇనుప మొన, తాటాకు పీచు వెంబడి నిలకడగా అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది గనుక రాత గుండ్రబడిందని పండితులు చెబుతారు, ముద్రణ వచ్చేనాటికి స్థిరపడినది ఆ గుండ్రని రాతే.

మద్రాసులో మత ప్రచారం చేసి స్వదేశం చేరిన బెంజమిన్ షుల్ట్జ్ 1746-47లో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అక్షరాన్ని ఉక్కు కడ్డీ కొసన అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కి, రాగి దిమ్మెపై కొట్టి, ఏర్పడిన గుంటలో కరిగించిన లోహం పోయడమే పోత పద్ధతి. ఇంగ్లీషుకు కొన్ని పదుల అక్షరాలు చాలగా, గుణింతాలు, పంక్తి కిందికి దిగే ఒత్తులు ఉన్న తెలుగుకు వందల దిమ్మెలు కావలసివచ్చాయి. అందుకే తెలుగు అచ్చు ఆలస్యాన్ని బద్ధకం కింద జమకట్టడం సరికాదు.

కడపలో ముద్రణాలయం లేని లోటును 1820లో అక్కడికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మరో విధంగా పూరించాడు: బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధప్రతులు రాయించాడు, వాటిని మద్రాసులో అచ్చొత్తించాడు. వేమన పద్యాలు 1829లో వెలువడగా, 1852 నాటి ఆయన నిఘంటువులో చల్లలోని చకారాన్ని చేపలోని చకారం నుంచి వేరుచేయడానికి అక్షరంపై ప్రత్యేక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు సాధారణ ముద్రణలో నిలవలేదు, పలుకులో మాత్రం ఆ తేడా ఇప్పటికీ ఉంది.