అడ్డగీత కొట్టిన ధర

'రూ. 1,999 సంచి రూ. 799కే!' ఫోన్ తెరపై ఈ మాట చూడగానే మనసు రూ. 1,200 మిగిలాయని లెక్క కట్టేస్తుంది. ఆ సంచికి నిజంగా ఎంత పెట్టవచ్చో మనకు తెలియదు. తెలిసిందల్లా అడ్డగీత కొట్టిన ఆ పెద్ద అంకె ఒక్కటే.

ఆ అంకె లంగరులా పనిచేస్తుంది. ట్వర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1974లో వివరించిన ప్రయోగం చూడండి. అంకెల చక్రం తిప్పాక, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో ఊహించమన్నారు. చక్రం 10 దగ్గర ఆగడం చూసినవారి అంచనాల మధ్యగతం 25. 65 చూసినవారిది 45! (చక్రం ఆ రెండు చోట్లే ఆగేట్లు ముందే అమర్చారు లెండి.) చక్రానికీ ఆఫ్రికాకూ ఏమిటి సంబంధం?

నిత్యం తగ్గింపులే అయితే జనం విసిగిపోరా? విసుక్కుంటారు, కాని వదలరు. అమెరికాలో జె.సి. పెన్నీ దుకాణాలు 2012లో కూపన్లు మాని, మొదటే తక్కువ ధరలు వేశాయి. ధరల మార్పు ఒక్కటే కారణం కాకపోవచ్చు గాని, ఆ ఏడు అమ్మకాలు సుమారు నాలుగో వంతు పడిపోయాయి. 2013లో కూపన్లు తిరిగొచ్చాయి.

మన ఎం.ఆర్.పి. కూడా అమ్మకానికి పై హద్దే, వస్తువు విలువ కాదు. తగ్గింపు శాతాన్ని అక్కడినుంచి కొలిస్తే పెద్దదిగానే కనిపిస్తుంది. అదే సంచిని నాలుగుచోట్ల ఎంతకు అమ్ముతున్నారో చూస్తే మరో లంగరు దొరుకుతుంది.