ఎపాక్సీ బలం జిగురులోనే లేదు, అందులో కలిపిన పొడిలోనూ ఉంది

మన ఊళ్ళో పైపు కారితే ఎం-సీల్ పిసికి అంటించేవాళ్ళం. ఇక్కడ చిన్న రిపేరుకు మనిషిని పిలవాలన్నా ఖర్చే కాబట్టి చాలామంది ఎపాక్సీ కొని సొంతంగా చేసుకుంటున్నారు. షాపులో చూస్తే పల్చనిది, ముద్దలా ఉండేది, 'స్టీల్' అని రాసి ఉన్నది, ఇలా ఎన్నో రకాలు. ఈ తేడాల్లో చాలావరకు కలిపిన పొడి వల్లే వస్తాయి. దాన్నే ఫిల్లర్ అంటారు.

కాంక్రీటు సంగతి మనకు తెలిసిందే. ఒట్టి సిమెంటు కుంచించుకుని పగులుతుంది. ఇసుక, కంకర పడితేనే నిలుస్తుంది. ఎపాక్సీ కూడా అంతే. రెసిన్, హార్డెనర్ కలిసినప్పుడు వేడి పుడుతుంది, గట్టిపడేటప్పుడు కొంత కుంచించుకుంటుంది. పొడి ఈ రెండింటినీ తగ్గిస్తుంది. పైగా ఒట్టి ఎపాక్సీ వేడికి ఉక్కు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. సిలికా దాదాపు వ్యాకోచించదు. అందుకే ఎలక్ట్రానిక్ చిప్‌ల మీది నల్లటి ఎపాక్సీ కవచంలో సాధారణంగా 70 నుంచి 90 శాతం బరువు సిలికా పొడిదే.

ఏ పొడి ఏ పనికి?

ఫ్యూమ్డ్ సిలికా: కొద్దిగా వేసినా చిక్కబడుతుంది, నిలువు గోడ మీద జారదు. ఆరాక శాండ్‌పేపర్‌తో రుద్దడం కష్టం.

సన్నని గాజు బుడగలు: తేలిక, సులువుగా నునుపవుతాయి. బరువు మోయలేవు.

లోహపు పొడి: గట్టిదనం ఇస్తుంది, వేడిని కాస్త మెరుగ్గా పంపుతుంది. డబ్బా మీద 'స్టీల్' అని ఉన్నా అది ఉక్కుతో సమానం కాదు.

తరిగిన గాజు పీచు: పగులు పాకకుండా పట్టి ఉంచుతుంది.

పొడి ఎక్కువైతే జిగురు ప్రతి రేణువునూ తడపలేదు. ఉప్మాలో రవ్వ ఉండ కట్టినట్టు ఉండలు కడుతుంది. ప్రతి ఉండా ఒక బలహీనమైన చోటే, అక్కడే పెళుసుగా విరుగుతుంది.

కాబట్టి పిల్లలు కూర్చునే కుర్చీ కాలికి గాజు బుడగల తేలిక పుట్టీ పెట్టకండి. చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది, బరువు పడగానే ఊడుతుంది.

ముందు రెసిన్, హార్డెనర్ డబ్బా మీది కొలత ప్రకారం బాగా కలిపి, ఆ తర్వాతే పొడి వేయండి. త్వరగా ఆరాలని హార్డెనర్ పెంచకండి. పొడి కలిపేటప్పుడు, ఆరాక రుద్దేటప్పుడు దుమ్ము ఆపే మాస్క్ తప్పనిసరి. గ్లౌజులు కూడా వేసుకోండి. ఎపాక్సీ అలర్జీ ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది.