పెన్నయొడ్డున నొక యుదయము

కార్తికస్నానమునకో, రంగనాయకుల దర్శనమునకో నెల్లూరిసీమలోని స్త్రీలము పెన్నకు బోవుచునే యుందుము. మునిగి, దీపము విడిచి, తడిబట్టలతో నింటిదారి పట్టుదుము. మరి రెండు గడియలు నడచినచో నెన్ని శతాబ్దముల చరిత్రము కన్నుల బడునో తలచువారు కొలదిమంది.

పెన్న కర్ణాటకదేశమందలి నందికొండలలో బుట్టి, 597 కిలోమీటరులు పారి, ఊటుకూరు చెంత సముద్రమున గలియును. వేసవిలో నిసుకతిన్నెలే కానవచ్చును. తుపాను వచ్చెనా, పట్టరానిదగును. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు చెంత రైలుమార్గమే కొట్టుకొనిపోయినది. కావున నీ నడకకు పుష్యమాఘముల యుదయములు తగినవి. పిల్లలను వెంట గొనిపోవువారు ఇసుక త్రవ్విన గోతులకు దూరముగా నుండవలెను. నిలిచిన నీటి లోతు పైకి దెలియదు.

తల్పగిరి రంగనాథుని గాలిగోపురము కడ నడక మొదలిడుట మేలు. ఏటిగాలి ననుభవించి యూరిలోనికి మరలినచో మూలాపేటలో మూలస్థానేశ్వరుని యాలయము గలదు. ఉసిరికచెట్టు క్రింద వెలసిన లింగమునుబట్టి, ఉసిరికను దెలుపు 'నెల్లి' శబ్దమున నెల్లూరను పేరు గలిగెనని కొందరందురు. 'నెల్లు' అనగా వరియని మరికొంద రందురు.

పిమ్మట కోటమిట్ట. 1757లో నజీబుల్లా యధీనమందున్న యీ కోటను బట్టుటకు ఇంగ్లీషు కుంపిణీ సేనతో వచ్చిన కర్నల్ ఫోర్డు ఓడి మరలిపోయెను. అంతటివానిని నిలిపినవి మట్టిగోడలు! నేడక్కడ నిండ్లు, అంగళ్లు, వీధులు. కోట పోయి పేరు మిగిలినది.

అంతకు బూర్వము, పదుమూడవ శతాబ్దమున, ఈ పట్టణము విక్రమసింహపురి; మనుమసిద్ధికి రాజధాని. రాజు రాజ్యభ్రష్టుడు కాగా, మంత్రియైన తిక్కన యోరుగంటికి బోయి గణపతిదేవుని సాయము దెచ్చెనని ప్రసిద్ధి. ఆ రాజమందిరమిదియని చూపుటకు నేడొక గోడయైన లేదు. కాని తిక్కన హరిహరనాథున కంకితముగా రచించిన పదునైదు పర్వములు చెక్కు చెదరలేదు. వానలు గురియనియెడల విరాటపర్వము చదివించుట మన యూళ్ల యాచారము గదా!

ఇందు నాకు దోచినది యొక్కటి: వాడుకలో నున్నది నిలిచినది, వాడుక దప్పినది మన్నైనది. గుడిలో నిత్యము దీపము వెలుగుచున్నది గనుక గుడి యున్నది. పొలములకు నీరు గావలెను గనుక, 1855 ప్రాంతపు పాత యానకట్టకు బదులు 2022లో క్రొత్త బ్యారేజి వచ్చినది. భారతము మన నోళ్లలో నున్నది గనుక బ్రతికియున్నది. కోటతో నెవరికిని బనిలేక పోయినది, కోటయు బోయినది.

శిథిలముల జూచుటకు దూరదేశములకు బోవలెనని, అది పురుషుల పనియని, కొందరి తలంపు. చెంబెడు నీరు, కొన్ని అటుకులు, ఒక్క ప్రాతఃకాలము చాలును. బయలుదేరుటకు ముందు విరాటపర్వమున ద్రౌపది పలుకులు కొన్ని పిల్లలకు వినిపింపుడు. ఆ పలుకులు దెలుగైన దీ యేటి యొడ్డుననేయని పెద్దలు చెప్పుదురు. కోటమిట్ట యనగా నేమో చెప్పువారు లేనినాడు, కోటవలెనే యా పేరును మన్నగును. చెప్పవలసినవారము తల్లులమే.